పార్లర్ చోటు మారితే కస్టమర్లు వస్తారా? ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. సొంతంగా బ్యూటీ పార్లర్ నడిపేవాళ్లు షాపు మారాల్సి వస్తే పాత కస్టమర్లను ఎలా నిలబెట్టుకోవాలి? మీ ప్రశ్నలకు మేడమ్ సమాధానం చెబుతారు. మొదటి కాల్ హనుమకొండ నుంచి.

కాలర్ (హనుమకొండ): హలో... నమస్తే మేడమ్. వినిపిస్తోందా?

యాంకర్: టీవీ సౌండ్ కొంచెం తగ్గించండమ్మా.

కాలర్: ఆ, తగ్గించా. నాది నయీంనగర్‌లో పార్లర్ మేడమ్. మొదటి నుంచీ ఒకటే షట్టర్. ఇప్పుడు ఓనర్ బిల్డింగ్ పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతాడట, ఖాళీ చేయమన్నాడు. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు, అది వేరే కథ. వడ్డేపల్లిలో ఒక షాపు చూశాం. పార్కింగ్ ఉంది, మా ఆయనకు నచ్చింది. నాకే టెన్షన్. కాలేజీ పిల్లలు, టీచర్లు, అందరూ నాకు అలవాటైనవాళ్లు. పక్క సందులోనే ఇంకో రెండు పార్లర్లున్నాయి. కొన్నాళ్లు సగం రేటుకే చేస్తానంటే వస్తారా మేడమ్?

నిపుణురాలు: సగం రేటు వద్దు. ముందు ఇది చెప్పండి. ఒక్క త్రెడింగ్ కోసమే వచ్చేవాళ్లు ఎంతమంది?

కాలర్: ఎక్కువ వాళ్లే మేడమ్. కాలేజీ నుంచి వెళ్తూ వెళ్తూ వస్తారు.

నిపుణురాలు: వాళ్లు రారు. ఇప్పుడే మనసుకు చెప్పుకోండి. ఐదు నిమిషాల ఐబ్రోస్ కోసం ఎవరూ ఆటో ఎక్కరమ్మా. ఆ పని వడ్డేపల్లిలో కొత్త పిల్లలతో మళ్లీ మొదలవుతుంది. మీరు పట్టుకోవాల్సింది ఫేషియల్, హెయిర్ కలర్, పెళ్లి మేకప్ వాళ్లని. ఎవరి జుట్టుకు ఏ షేడ్ వేశారో, ఎవరికి ఏ బ్లీచ్ పడదో మీకు తెలుసు. ఇంకోచోట అదంతా మొదటి నుంచి చెప్పుకోవాలి కదా, అందుకని మీ వెనకే వస్తారు. కానీ ఫోన్ నంబరు మాత్రం మార్చకండి. చచ్చినా మార్చకండి.

కాలర్: లేదు మేడమ్, అదే నంబరు. వాట్సాప్‌లో అందరికీ ఒకేసారి మెసేజ్ పెడదామనుకున్నా.

నిపుణురాలు: పెట్టండి, దాన్నే నమ్ముకోకండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మందే పడతారు. పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ అందుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడే నోటితో చెప్పండి. కార్డు వెనక కొత్త చోటు గుర్తు రాయండి, ఏ గుడి ఎదురుగానో, ఏ టిఫిన్ సెంటర్ పక్కనో. పెళ్లికి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు, ఫేషియల్ ప్యాకేజీలో సిట్టింగులు మిగిలినవాళ్లకు మీరే ఫోన్ చేయాలి. డబ్బు కట్టినవాళ్లు వచ్చి మూసిన షట్టర్ చూశారనుకోండి, ఊరంతా చెబుతారు.

కాలర్: ఆషాఢంలో మారమంటోంది మా చెల్లి. మా అత్తమ్మేమో ఆషాఢంలో కొత్త షాపు ఏంటంటుంది.

నిపుణురాలు: ఇద్దరి మాటా నిలబెట్టొచ్చు. జ్యేష్ఠంలోనే మంచిరోజు చూసి పాలు పొంగించేయండి. సామాను ఆషాఢంలో మార్చుకోండి. ఆ నెల పెళ్లిళ్లు ఉండవు, కుర్చీలు ఎలాగూ ఖాళీ. శ్రావణం వచ్చేసరికి గీజరు, అద్దాలు, లైట్లు అన్నీ సిద్ధంగా ఉండాలి. వరలక్ష్మీ వ్రతం ముందు వారంలో ప్లంబర్ని పెట్టుకుని కూర్చుంటే ఆ సీజన్ పోయినట్టే.

కాలర్: సరే మేడమ్. మరి రేటు... సగం కాదులెండి, ముప్పై శాతం తగ్గిస్తే?

నిపుణురాలు: (నవ్వుతూ) మళ్లీ అక్కడికే వచ్చారు! తగ్గిస్తే మళ్లీ పెంచలేరు తల్లీ. కొత్త చోట అద్దె ఎక్కువా తక్కువా?

కాలర్: ఎక్కువే.

నిపుణురాలు: మరి? దూరం వచ్చినవాళ్లకు ఫేషియల్‌తో పాటు త్రెడింగ్ ఊరికే చేయండి. రేటు కార్డు ముట్టుకోకండి. పాత షాపు పక్కన ఎవరున్నారు?

కాలర్: లేడీస్ టైలర్ ఉంది, గాజుల కొట్టుంది.

నిపుణురాలు: వాళ్లకు మీ కార్డులు ఇవ్వండి. పార్లర్ ఎటు పోయిందని అందరూ ముందు టైలర్నే అడుగుతారు. షట్టర్ మీద ఫ్లెక్సీకి ఓనర్ని ఒప్పించుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో కొత్త ప్రొఫైల్ పెట్టకండి, ఉన్నదాంట్లోనే అడ్రస్ మార్చండి, మీ రివ్యూలు అలాగే ఉంటాయి. షాపు వీడియో తీసి చూపించమని గూగుల్ వాళ్లు అడగొచ్చు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ కొత్త అడ్రస్‌కి తీసుకోవాలి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే అందులో అడ్రస్ మార్చుకోవడం ఉచితం, ఏజెంటుకు డబ్బివ్వకండి.

యాంకర్: ధన్యవాదాలమ్మా. తెనాలి నుంచి కాల్.

కాలర్ (తెనాలి): మేడమ్, ఒకతను ఊరంతటికీ ఎస్సెమ్మెస్‌లు పంపిస్తానంటున్నాడు, తీసుకోనా?

నిపుణురాలు: వద్దు. అలా వ్యాపారానికి పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం, టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. ఊరంతటితో మీకేం పని? మీ పుస్తకంలో ఉన్నవాళ్లకు ఫోన్ చేయండి. నంబరు అదేనా?

కాలర్: కొత్త సిమ్...

నిపుణురాలు: అయ్యో! పాతది రీచార్జ్ చేసి ఉంచండి. మొదటి నుంచి అదే చెబుతున్నా.

యాంకర్: తర్వాతి కాల్, విజయవాడ.

కాలర్ (విజయవాడ): నేను ఒకరి పార్లర్‌లో పర్సెంటేజీ మీద చేస్తున్నా మేడమ్. సొంతంగా పెట్టుకుందామని ఉంది. మానేశాక రెండేళ్లు ఈ ఏరియాలో పెట్టకూడదని కాగితం రాయించుకున్నారు.

నిపుణురాలు: 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 27వ సెక్షన్ ఉంది. బతుకుతెరువు చేసుకోకుండా కట్టడి చేసే ఒప్పందం ఆ మేరకు చెల్లదంటుంది. అయినా మీ కాగితం ఒకసారి లాయరుకు చూపించండి. వాళ్ల రిజిస్టర్ మాత్రం ఫొటో తీసుకోకండి. ఆ నంబర్లు వాళ్ల పార్లర్‌వి. కస్టమరే అడిగి మీ నంబరు తీసుకుంటే అది వేరు. అక్కడ పనిచేస్తున్నన్నాళ్లు వాళ్ల కుర్చీలో కూర్చోబెట్టి మీ షాపు గురించి చెప్పకండి.

కాలర్: వాళ్లే అడుగుతున్నారు మేడమ్, ఎప్పుడు పెడతావని...

నిపుణురాలు: అడగనివ్వండి. మానేశాక చెప్పండి.

యాంకర్: ఇంకో కాల్, నిజామాబాద్. క్లుప్తంగా అడగండి.

కాలర్ (నిజామాబాద్): షాపు తీసేసి ఇంట్లోనే చేద్దామనుకుంటున్నా మేడమ్, మేడ మీద గది ఉంది.

నిపుణురాలు: ఇంటి మీటరు మీద నడపకండి, కరెంటు ఆఫీసులో అడిగి కేటగిరీ మార్పించుకోండి. మెట్లు ఇంటి లోపలి నుంచా, బయటి నుంచా?

కాలర్: లోపలి నుంచే. హాల్లో మా మామగారు...

నిపుణురాలు: అయితే కష్టం. హాల్లో మగవాళ్లు కూర్చుని ఉంటే వ్యాక్సింగ్‌కి ఎవరూ మెట్లెక్కరు. బయటి నుంచి మెట్లు...

యాంకర్: క్షమించాలి మేడమ్, సమయం అయిపోయింది. నిజామాబాద్ నుంచి అడిగిన అమ్మగారు లైన్లోనే ఉండండి, మావాళ్లు మాట్లాడతారు. నమస్కారం.