టీవీ వెనక్కి ఒకసారి చూడండి

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో టీవీ 2010లో కొన్నది. 32 అంగుళాల ఎల్‌సీడీ. దానికి ఇంటర్నెట్ లేదు, యాప్‌లు లేవు, మనం మాట్లాడితే వినదు. బొమ్మ మాత్రం నిక్షేపంలా వస్తుంది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "ఇంకా ఇదేనా, మార్చెయ్యరాదా" అంటారు. బాగా పనిచేస్తున్న వస్తువుని ఎందుకు మార్చాలో నాకైతే అర్థం కాదు. ఈ మొండితనంతోనే ఒక చిన్న సంగతి నేర్చుకున్నాను, ఫోన్‌లోని ఫోటోలూ వీడియోలూ పాత టీవీ మీద ఎలా చూడాలన్నది. అది మీకు చెబుదామని వచ్చాను.

మొన్న ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలు. మా తమ్ముడి ఇల్లు అక్కడే, గుడికి నాలుగు గల్లీల అవతల. మా మేనకోడలు మొదటిసారి బోనమెత్తింది. అమ్మకేమో మోకాలి ఆపరేషన్ అయి అప్పటికి మూడు వారాలే. విద్యానగర్‌లో మా ఇంట్లోనే ఉంది. వాకర్ పట్టుకుని బాత్రూం దాకా నడిస్తే అదే గొప్ప. "నా మనుమరాలు బోనమెత్తవట్టె, నేను మంచంల పడితి" అని ఆ రోజు పొద్దుటి నుంచీ అదే మాట.

రాత్రి తమ్ముడు వచ్చి ఫోన్ అమ్మ చేతిలో పెట్టాడు. నూట నలభై ఫోటోలు, తొమ్మిది వీడియోలు. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. ఫోన్ దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది. వేలు తగిలి వీడియో ఎటో పోయింది, ఎవరిదో వంట వీడియో మొదలైంది. చివరికి "చీమలు వోయినట్టున్నది బిడ్డా. పొల్ల మొకమే గనవడ్తలేదు" అని ఫోన్ దిండు పక్కన పెట్టేసింది.

ఎదురుగా గోడకి అంత పెద్ద టీవీ ఉంది. ఈ చేతిలోది ఆ గోడ మీదకి రావాలి, అంతే కదా!

మర్నాడు తొందరపడ్డాను. ఒక మొబైల్ దుకాణానికి వెళ్లి "ఫోన్‌ని టీవీకి కలిపే వైరు ఇవ్వండి" అన్నాను. ఇచ్చారు. ఒక చివర ఫోన్‌లో పెట్టాలి, రెండో చివర టీవీకి ఉండే హెచ్‌డీఎంఐ అనే రంధ్రంలో పెట్టాలి, బొమ్మా శబ్దమూ అందులోంచే వెళ్తాయి. తొమ్మిది వందలు. ఇంటికొచ్చి పెడితే టీవీ మీద "నో సిగ్నల్". తీసి మళ్లీ పెట్టాను, నో సిగ్నల్. ఫోన్ వైపు చివరని తిరగేసి పెట్టాను, నో సిగ్నల్. తర్వాత తెలిసిందేమిటంటే, ఇప్పటి ఫోన్లన్నిటికీ ఛార్జింగ్ పోర్ట్ ఒకేలా కనిపిస్తుంది కానీ, అన్ని ఫోన్లలోనూ దాని గుండా బొమ్మ బయటికి రాదు. ఆ ఏర్పాటు ఎక్కువగా ఖరీదైన ఫోన్లలో ఉంటుంది. మామూలు ధర ఫోన్లలో చాలావాటికి ఆ పోర్ట్ ఛార్జింగ్‌కీ ఫైళ్లు పంపుకోవడానికీ మాత్రమే. వైరు వాపసు ఇవ్వబోతే "ప్యాకెట్ చించేశారు కదా మేడమ్" అన్నారు. ఆ వైరు ఇంకా మా డ్రాయర్‌లోనే ఉంది, ఎవరికైనా కావాలంటే ఇస్తాను.

అప్పుడు కోఠీ వెళ్లాను. గుజరాతీ గల్లీ. హైదరాబాద్‌లో ఉండి ఆ గల్లీ చూడనివాళ్లుంటే ఒకసారి చూడాలి. చిన్న చిన్న దుకాణాల్లో రిమోట్లు, స్పీకర్లు, వైర్లు, బోర్డులు కుప్పలు కుప్పలుగా ఉంటాయి. ఒక దుకాణంలో గడ్డం నెరిసిన పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కథంతా చెప్పాను, అమ్మ మోకాలితో సహా. అంతా విని ఒక్కటే అడిగాడు. "టీవీ కే పీఛే క్యా క్యా హై, దేఖే?"

టీవీ వెనక ఏమేం ఉన్నాయో చూశారా అని.

చూడలేదు. ఇన్నేళ్లుగా దాని ముందు కూర్చుంటున్నానే గానీ, వెనక ఏమేం ఉన్నాయో ఒక్కనాడూ సరిగ్గా చూడలేదు. అక్కడి నుంచే మా ఆయనకి ఫోన్ చేసి, టీవీ వెనక ఫోటో తీసి పంపండి అన్నాను. మూడు పంపారు. మొదటిదాంట్లో బూజు తప్ప ఏమీ లేదు. రెండోది కదిలిపోయింది. మూడోదాన్ని పెద్దాయన వేళ్లతో పెద్దది చేసి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూశాడు. హెచ్‌డీఎంఐ రెండు. పసుపు, తెలుపు, ఎరుపు గుండ్రటి రంధ్రాలు ఒక వరస. ఇక పక్కవైపు ఒక యూఎస్‌బీ. దాని దగ్గర ఏం రాసి ఉందో చూశాడు. కొన్ని పాత టీవీల్లో యూఎస్‌బీ పక్కన "సర్వీస్" అని ఉంటుందట. అలా ఉంటే అది మెకానిక్ కోసం, మన ఫోటోలు చూపించదు. మాదానికి ఆ మాట లేదు.

అంతే. వైరు అక్కర్లేదు, డబ్బా అక్కర్లేదు, వైఫై అక్కర్లేదు. రెండు మూతుల పెన్‌డ్రైవ్ ఒకటి ఇచ్చాడు. ఒక మూతి ఫోన్‌కి, రెండోది టీవీకి. ఫోన్‌కి పెట్టి ఫోటోలు అందులోకి కాపీ చేసి, తీసి టీవీకి పెట్టడమే. నేను పెద్ద మనసుతో "128 జీబీది ఇవ్వండి" అంటే వద్దన్నాడు. 32 చాలన్నాడు. అమ్ముకునేవాడు చిన్నది చాలనడం నేనెక్కడా చూడలేదు! కారణం ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతులు రకరకాలు. పాత టీవీలకి బాగా అలవాటైనది ఫ్యాట్ 32 అనే పద్ధతి. చిన్న పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా దానితోనే వస్తాయి. పెద్దవి చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే పద్ధతిలో వస్తాయి, అది పెడితే పాత టీవీ అసలు గుర్తే పట్టకపోవచ్చు. ఈ ఫ్యాట్ 32కి ఒక్క ఇబ్బంది ఉంది. ఏ ఒక్క ఫైలూ 4 జీబీ దాటకూడదు. పెళ్లి వీడియో మొత్తం ఒకే ఫైలుగా ఉన్నవాళ్లు ముక్కలు చేసుకోవాల్సిందే.

తమ్ముణ్ణి పిలిపించి, అతని ఫోన్ లోంచి అన్నీ ఎక్కించాను. టీవీకి పెట్టాను. రిమోట్‌లో సోర్స్ నొక్కి, యూఎస్‌బీ ఎంచుకున్నాను. ఫోటోలు వచ్చాయండీ! పసుపు రాసిన కుండ, వేపమండలు, పైన దీపం. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

తర్వాత వీడియో నొక్కాను. డప్పు చప్పుడు వచ్చింది. పోతరాజు కొరడా చప్పుడు వచ్చింది. బొమ్మ రాలేదు. నల్లటి తెర, కింద ఇంగ్లిష్‌లో ఏదో ఒక ముక్క. అమ్మ కాసేపు విని, "గిది రేడియోనే గదనే" అంది.

రేడియోలో కూర్చుని ఈ మాట చెబుతుంటే నాకే నవ్వొస్తోంది.

దీనికీ కారణం ఉంది. ఫోన్ వీడియో తీసేటప్పుడు దాన్ని బాగా కుదించి ఒక లిపిలో రాసుకుంటుందనుకోండి. చాలా కొత్త ఫోన్లలో ఆ లిపి పేరు హెచ్ 265. అది ఖరారైంది 2013లో. మా టీవీ కొన్నది 2010లో. మూడేళ్ల తర్వాత పుట్టిన లిపిని అదెలా చదువుతుంది పాపం! దానికి వచ్చింది అంతకు ముందుది, 2003 నాటి హెచ్ 264. శబ్దం వేరే లిపిలో రాసి ఉంటుంది కాబట్టి అది మాత్రం పలికింది.

మరి ఏం చెయ్యాలి? తియ్యబోయే వీడియోలకైతే సులువు. కెమెరా సెట్టింగ్స్‌లో "హై ఎఫిషియెన్సీ" అని ఉంటే దాన్ని ఆపెయ్యాలి. ఐఫోన్ అయితే ఫార్మాట్స్‌లో "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకోవాలి. ఐఫోన్ ఫోటోలకి కూడా ఇదే మందు, 2017 నుంచి అవి ఫోటోలనీ పాత టీవీకి తెలియని రకంలో దాస్తున్నాయి. ఇప్పటికే తీసేసినవాటికి ఏం చెయ్యాలన్నది మా ఇంట్లో అనుకోకుండా దొరికింది. తమ్ముడు అవే వీడియోల్లో రెండు నాకు ముందే వాట్సాప్‌లో పంపి ఉన్నాడు. ఆ కాపీలు పెన్‌డ్రైవ్‌లో వేసి పెడితే ఆడాయి! వాట్సాప్ వీడియో పంపేటప్పుడు దాన్ని చిన్నది చేసి, సాధారణంగా ఆ పాత లిపిలోకే మార్చి పంపుతుంది. మామూలు వీడియోగా పంపాలి సుమా. "డాక్యుమెంట్"గా పంపితే ఉన్నదున్నట్టే పోతుంది, మళ్లీ రేడియోనే. వాట్సాప్ కాపీలో కొంచెం నాణ్యత తగ్గుతుంది. 32 అంగుళాల మీద అమ్మకి ఆ తేడా తెలియలేదు, నిజానికి నాకూ తెలియలేదు.

మీ టీవీ ఇంకా పాతదా, వెనక డొప్ప ఉన్నదా? దానికి సాధారణంగా మూడు రంగుల రంధ్రాలే ఉంటాయి, వాటినే ఏవీ అంటారు. అప్పుడు హెచ్‌డీఎంఐని ఆ మూడు రంగుల్లోకి మార్చే చిన్న డబ్బా దొరుకుతుంది. కొనేటప్పుడు జాగ్రత్త, ఒకేలా కనిపించే డబ్బాలు రెండు రకాలున్నాయి. ఒకటి హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి, ఇంకోటి ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి. మనకి కావాల్సింది మొదటిది. రెండోది ఎన్నిసార్లు తిప్పి పెట్టినా పనిచెయ్యదు. హెచ్‌డీఎంఐ ఉండి, ఇంట్లో వైఫై కూడా ఉంటే, వైఫై ద్వారా టీవీలో బొమ్మ చూపించే స్టిక్ అనే చిన్న వస్తువు పెట్టుకోవచ్చు. కొన్ని సెట్‌టాప్ బాక్సులకీ వీడియోలు ఆడించే యూఎస్‌బీ ఉంటుంది. ఏది కొనాలో నేను చెప్పను. మీ టీవీ వెనక ఏముందో నాకు తెలియదు. దుకాణానికి వెళ్లే ముందు ఫోన్‌తో దాని వెనకా పక్కలా ఫోటో తీసుకోండి. బూజు దులిపి తియ్యండి.

ఇంకొక్క మాట. వీడియో తీసేటప్పుడు ఫోన్ అడ్డంగా పట్టుకోండని నేను అందరికీ చెబుతుంటాను. నిలువుగా తీస్తే టీవీ మీద మధ్యలో స్తంభంలా వస్తుంది, రెండు పక్కలా నలుపే. తమ్ముడు ఒక్కటి తప్ప అన్నీ నిలువుగానే తీశాడు. తిడదామనుకున్నాను. కానీ అడ్డంగా తీసిన ఆ ఒక్కదాంట్లో పిల్ల మొహముంది, నెత్తిన బోనం సగానికి తెగిపోయింది. నిలువుగా తీసినవాటిలో పాదాల నుంచి దీపం దాకా పడింది. ఇక ఏమంటాం!

ఆ రెండు వీడియోలూ అమ్మ ఆ సాయంత్రం ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఒకచోట ఆపమంది. వాకర్ పట్టుకుని టీవీ దగ్గరదాకా నడిచింది. ఆపరేషన్ అయ్యాక అంత దూరం నడవడం అదే మొదలు. మనవరాల్ని చూస్తోందనుకున్నాను.

"మీ తమ్మునికి ఎంత పొట్ట వచ్చిందే. ఫోన్ల గనవడలే" అంది.

ఆ పెన్‌డ్రైవ్ ఇప్పటికీ టీవీకే ఉంది. తీస్తే ఊరుకోదు. ఉంటానండీ, నమస్కారం.