చెరువు గట్టు మీద రోబో

పిల్లలూ, అందరి దగ్గరా తెల్లకాగితం, పెన్సిలు, రబ్బరు ఉన్నాయి కదా? స్కేలు తెచ్చినవాళ్లు దాన్ని బ్యాగులో పెట్టేయండి. చేత్తో గీసిన గీత కాస్త వంకర పోతుంది. పోనివ్వండి, బొమ్మకి ఆ వంకరే అందం.

గీసేముందు ఒక్కమాట చెప్పండి. మీ రోబో ఏం పని చేస్తాడు?

ఎందుకు అడుగుతున్నానంటే, 'రోబో' అన్న మాటే పనిలోంచి వచ్చింది. 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత తన నాటకంలో మనుషులు తయారుచేసుకున్న పనివాళ్లకి ఏం పేరు పెట్టాలా అని ఆలోచిస్తుంటే, వాళ్లన్న యోసెఫ్ ఈ మాట అందించాడు. చెక్ భాషలో 'రొబొట' అంటే వెట్టిచాకిరీ. ఆ యోసెఫ్ చిత్రకారుడు. పేరు పెట్టింది బొమ్మలు వేసే మనిషేనని తెలిసిన రోజు నాకెంత సంతోషమేసిందో!

మన రోబో రొయ్యల చెరువుకి రాత్రి కాపలా. భీమవరం చుట్టుపక్కల పిల్లలకి నేను చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే రొయ్య పైకి తేలుతుంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్. టార్చిలైటు పట్టుకుని నాన్న గట్టు మీదకి పరిగెత్తడం మీరు చూసే ఉంటారు. ఆ నాన్నకి సాయం వెళ్లేవాడు మన రోబో.

కాగితం మధ్యలో, పెన్సిలు నొక్కకుండా, నూనె డబ్బా గీయండి. మూలలు కొంచెం గుండ్రంగా తిప్పండి. అది ఒళ్లు. దాని పైన చిన్న స్ప్రింగు, మెడ. మెడ మీద ఇంకో డబ్బా, తల. తల ఒళ్లంత పెద్దగా ఉంటే చిన్నపిల్లాడిలా ముద్దొస్తాడు. తల చిన్నదై ఒళ్లు పెద్దదైతే పహిల్వాన్ అవుతాడు.

ఇక కళ్లు. ఇక్కడ తొందరపడకండి. తలకి సగం కన్నా కాస్త కిందగా, రూపాయి బిళ్ల పెట్టి రెండు సున్నాలు చుట్టండి. మధ్యలో ఇంకో కన్ను పట్టేంత ఖాళీ వదలండి. లోపల నల్లగుడ్డు దిద్ది, అందులో ఆవగింజంత తెలుపు ఉంచండి, అది మెరుపు. కంటికి అడ్డంగా సగంలో గీత గీస్తే నిద్రమొహం. అదే గీత ముక్కువైపు వాలితే కోపం. మొన్న ఒక పాప బొమ్మలో అన్నీ కుదిరాయి గానీ రోబో ఎటు చూస్తున్నాడో తెలియలేదు. నల్లగుడ్లు రెండూ కిందికి, ఎడమవైపుకి జరపమన్నాను. జరిపిందో లేదో, వాడు నీళ్లకేసి చూడటం మొదలెట్టాడు! నేను చూస్తుండగానే ఆ పాప మొహం వెలిగిపోయింది.

చేతులు మోటారు గొట్టాల్లా వంపు తిరగాలి. పక్కపక్కనే రెండు గీతలు, మధ్యలో అడ్డంగా చిన్నచిన్న గీతలు, అంతే. ఒక చేతి చివర పట్టకారు, రెండో చేతికి ఏరియేటరు చక్రం. కరెంటు పోతే వాడే నీళ్లు చిలుకుతాడు. కాళ్లు పొట్టిగా, పాదాలు బాతు పాదాల్లా వెడల్పుగా ఉండాలి. లేకపోతే బురదలో దిగబడిపోడూ? నెత్తిన టార్చిలైటు మాత్రం మరిచిపోవద్దు.

బోల్టులు, మీటలు అని ఒళ్లంతా నింపేయకండి. బాపు గారు 1933లో మన నరసాపురంలోనే పుట్టారు. ఆయన బొమ్మ ఒకటి తీసి చూడండి, అక్కర్లేని గీత కనిపించదు.

ఉంచుకోవాల్సిన గీతల మీద నల్లపెన్నుతో దిద్దండి. సిరా బాగా ఆరాకే రబ్బరు పెట్టండి, లేదంటే బొమ్మంతా మసి. రంగు మీ ఇష్టం. ఉప్పునీళ్ల దగ్గర పనిచేసేవాడు కాబట్టి నేనైతే పాదాల దగ్గర కాస్త తుప్పు రంగు వేస్తాను.

ఇంటికెళ్లి నాన్నకో తాతయ్యకో చూపించండి. చెరువు దగ్గర వీడికి ఇంకా ఏం కావాలో అడగండి. వాళ్లు చెప్పింది రేపు పొద్దున్న ఇక్కడే కూర్చుని గీద్దాం.