వంకాయ చెయ్యి, మేపుల్ చెట్టు

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే, అదీ ఈ చినుకుల్లో, చెట్టు గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే మనందరికీ ఈ పిచ్చి కాస్త ముదిరినట్టే. నాకూ ఉంది కాబట్టి ధైర్యంగా అంటున్నాను.

ఈ సియాటిల్ చుట్టుపక్కల ఇల్లు కొన్న తెలుగువాళ్లం దాదాపు అందరం రెండు పనులు చేస్తాం. పెరట్లో గోంగూర, వంకాయ, టమాటా వేస్తాం. ముందు వాకిట్లో అందానికి జపనీస్ మేపుల్ అనే చెట్టు ఒకటి పెడతాం. మొదటి పని మనకి వచ్చు. ఆ వచ్చిన చేత్తోనే రెండోదీ పెంచబోతాం. గొడవ అక్కడే మొదలవుతుంది. వంకాయ మొక్కని ఎంత కనిపెట్టుకుని ఉంటే అంత కాస్తుంది. మేపుల్‌ని అంతలా కనిపెట్టుకుంటే చస్తుంది. నేనే ఒకదాన్ని చంపాను.

ఇల్లు కొన్న నాలుగో ఏడు నర్సరీ నుంచి బ్లడ్‌గుడ్ అనే మేపుల్ రకం ఒకటి తెచ్చాను. ముదురు ఎరుపు ఆకులు, నా భుజం ఎత్తు. ఎక్కడ పెట్టాలా అని చూస్తే, మూడేళ్లు వంకాయలూ టమాటాలూ పండించిన మడి కనిపించింది. మట్టి నల్లగా, మెత్తగా, పిడికిట్లో పట్టుకుంటే ముద్దు పెట్టుకోవాలనిపించేలా ఉంది. ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది అనుకున్నాను.

రెండేళ్లు బాగానే ఉంది. మూడో ఏడు జులైలో ఒక్క కొమ్మ ఆకులు వాడాయి. పక్క కొమ్మ నిగనిగలాడుతోంది. నీళ్లు చాల్లేదేమోనని ఇంకో బకెట్ పోశాను. వారం తిరిగేసరికి ఆ కొమ్మ పూర్తిగా ఎండిపోయింది, కానీ ఒక్క ఆకూ రాలలేదు, కొమ్మనే పట్టుకుని వేలాడుతున్నాయి. కోసి చూశాను. బెరడు కిందున్న తెల్లటి చెక్కలో, పెన్ను కక్కినట్టు, ముదురాకుపచ్చ చారలు. అది వర్టిసిలియమ్ అనే బూజు తెచ్చే వడలు తెగులు. వేళ్లలోంచి ఎక్కి, నీళ్లు పోయే గొట్టాల్ని మూసేస్తుంది. మందు లేదు. నేలలో పదేళ్లకి పైగా నిద్రపోయి ఉండగలదు. దానికి మహా ఇష్టమైన మొక్కలు ఏవో తెలుసా? వంకాయ, టమాటా, బంగాళాదుంప. మేపుల్ కూడా ఆ జాబితాలోదే. నేను దాని విస్తట్లోకి తీసుకెళ్లి చెట్టుని వడ్డించాను. ఇంకో రెండు వేసవులకి చెట్టు పోయింది. ఇప్పుడక్కడ చిన్న పైన్ ఉంది. సూది ఆకుల చెట్లని ఈ తెగులు ముట్టదు.

అందుకని మొదటి మాట: కూరగాయల మడి ఉన్నచోట, ఒకప్పుడు ఉన్నచోట కూడా మేపుల్ వద్దు.

ఇక నాటడం. మీరు రాసుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదే, ఎందుకంటే ఈ చెట్టు బతుకు చాలావరకు ఆ ఒక్క రోజే తేలిపోతుంది. మన ఊళ్లలో చెట్టు నాటితే చుట్టూ పాదు చేస్తాం. నీళ్లు చెట్టు మొదలు దగ్గర నిలవాలి, ఎండ పీల్చుకుపోకూడదు. అక్కడ అది సరైన పనే. ఇక్కడ మన నేల సంగతి వేరు. ఒకప్పుడు మంచుపలకల కింద నలిగిన నేల ఇది. పైన కొద్దిపాటి మట్టి ఉంటుంది, దాని కింద చాలాచోట్ల సిమెంటులా గట్టిపడిన పొర. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా వాన. ఇక్కడ పాదు చేస్తే చెట్టుకి తొట్టి కట్టినట్టే. జపనీస్ మేపుల్ వేళ్లు పైపైనే పాకుతాయి, వాటికి గాలి కావాలి. నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి.

నాటే ముందు అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు మర్నాటికీ ఉంటే గొయ్యి ఆలోచన మానేసి మట్టి దిబ్బ పోసి దానిమీద నాటండి. నీళ్లు బాగానే ఇంకితే గొయ్యి వేళ్ల ముద్దకి రెండు మూడింతల వెడల్పు ఉండాలి. లోతు మాత్రం ముద్ద ఎత్తు కంటే అంగుళం తక్కువే.

కుండీలోంచి తీశాక నేరుగా గోతిలో దించకండి. నేను రెండో చెట్టుకి చేసింది చెబుతాను. వేళ్ల ముద్దని పక్కన పెట్టుకుని, పైమట్టిని వేళ్లతో మెల్లగా గోకుతూ వెళ్లాను. కాండం తిన్నగా దిగి, ఏనుగు పాదంలా వెడల్పయ్యే చోటు ఒకటి ఉంటుంది. అక్కడినుంచి అసలు వేళ్లు బయల్దేరతాయి. నర్సరీ కుండీలో అది మూడంగుళాల లోతున దొరికింది! పైన కనిపించినవన్నీ జుట్టులాంటి ఉత్తుత్తి వేళ్లు. ఆ మూడంగుళాలూ చూసుకోకుండా నాటితే చెట్టుని మెడదాకా పూడ్చినట్టే. ఆ వెడల్పయ్యే చోటు నేలకి కాస్త పైన, కంటికి కనిపిస్తూ ఉండాలి. కుండీ గుండ్రంలో చుట్టలు తిరిగిన వేళ్లుంటే విడదీయండి, విడిపోకపోతే కత్తిరించండి. చేతులు వణుకుతాయి, ఫరవాలేదు.

గోతిలో పేడ ఎరువు, కొబ్బరి పొట్టు వేయబుద్ధవుతుంది. వద్దు. తీసిన మట్టినే తిరిగి వేయండి. మెత్తటి మట్టి గోతిలోనే ఉంటే వేళ్లు అక్కడే తిరుగుతాయి, బయటి గట్టి నేల జోలికి పోవు. పైన రెండు మూడంగుళాల చెక్కపొట్టు పరచండి. కాండానికి నాలుగంగుళాల దూరం ఉంచండి. ఎరువు మొదటి ఏడాది అసలు వద్దు. ఆ తర్వాత కూడా వసంతంలో ఒక్కసారి, నెమ్మదిగా కరిగేది, అదీ కొంచెం. ఎక్కువైతే పొడవాటి బలహీనమైన చిగుళ్లు వస్తాయి, పేనుబంక పండగ చేసుకుంటుంది. పేనుబంకకి మందు కొట్టక్కర్లేదు, పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి, పోతుంది. నాటడానికి మంచి కాలం ఇదే, వానలు మొదలైన ఈ అక్టోబర్.

నీళ్ల దగ్గర మా అమ్మ సంగతి చెప్పాలి. ఒక ఏడాది ఏప్రిల్‌లో వచ్చి నవంబర్ దాకా ఉంది. పొద్దున్నే పూజయ్యాక మేపుల్‌కి చెంబుడు నీళ్లు. రోజూ! వద్దమ్మా అంటే, "పచ్చని చెట్టుకి నీళ్లు పోయొద్దంటావేంటే?" అని నన్నే కోప్పడింది. అక్టోబర్ చివర ఆకులు నిప్పుల్లా అయ్యాయి, తర్వాత పదిరోజుల్లో మొత్తం రాలాయి. వెళ్లే ముందు మోడు పక్కన నిలబడి, "ఇన్నాళ్లు పోశానే, అయినా ఎండిపోయిందే" అంది. నిజంగా బాధపడింది. ఏప్రిల్‌లో చిగుళ్లు వీడియో కాల్‌లో చూపిస్తేగానీ నమ్మలేదు.

చెంబుడు నీళ్లు పై అంగుళాన్నే తడుపుతాయి. ఐదు గ్యాలన్ల కుండీలోంచి నాటిన చెట్టుకి నేను మొదటి రెండు వేసవులూ వారానికి రెండుసార్లు, రెండు మూడు గ్యాలన్లు, మెల్లగా ఇంకేలా పోస్తాను. పోసే ముందు వేలు రెండంగుళాలు గుచ్చి చూస్తాను. తడి తగిలితే ఆ రోజు పోయను. జులై, ఆగస్టుల్లో ఇక్కడ చినుకు పడేది బాగా తక్కువ కాబట్టి ఎదిగిన చెట్టుకి కూడా రెండు వారాలకోసారి పోయాలి.

2021 జూన్ 28 గుర్తుందా? మన సియాటిల్ సీటాక్ ఎయిర్‌పోర్ట్‌లో 108 డిగ్రీల ఫారెన్‌హీట్. మా చెట్టుకి పడమటి వైపు ఆకులన్నీ రెండు రోజుల్లో అప్పడాల్లా మాడాయి. అందరూ టెన్షన్ పడి కొమ్మలు నరికారు. నేను బద్ధకంతో వదిలేశాను. ఆ బద్ధకమే మేలు చేసింది, కొమ్మలు బతికే ఉన్నాయి, మరుసటి వసంతంలో అన్నీ చిగిర్చాయి. అయినా చోటు ఎంచుకునేటప్పుడు పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ చూసుకోండి. పూర్తి నీడలో పెడితే ఎర్ర రకాలు పచ్చబడిపోతాయి.

మామిడి అంటు తెలిసినవాళ్లకి ఒక మాట చాలు: పేరున్న మేపుల్ రకాలు దాదాపు అన్నీ అంటుమొక్కలే. కింద మామూలు ఆకుపచ్చ మేపుల్, పైన మీరు డబ్బులిచ్చి కొన్న రకం. అంటు కింద నుంచి పచ్చ కొమ్మ వస్తే వెంటనే తీసేయండి. మా వీధిలో ఒకరి క్రిమ్సన్ క్వీన్, గొడుగులా వాలే సన్నాకుల చెట్టు, మధ్యలోంచి నిటారుగా పచ్చ కొమ్మ పొడుచుకొచ్చింది. బలంగా ఎదుగుతోందని మురిసిపోయారు. ఐదేళ్లకి క్వీన్ లేదు, అంటు కట్టిన మొదలే మిగిలింది.

కత్తిరింపు నేను ఆగస్టులో పొడి వాతావరణంలో చేస్తాను. చలికాలం చివర కోస్తే కోసినచోట రసం కారుతూనే ఉంటుంది. ఎండు పుల్లలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు తీస్తే చాలు. పైనుంచి చదునుగా నరకడం మాత్రం వద్దు, చూడలేం.

ఏ రకం కొనాలంటే, అక్టోబర్‌లో నర్సరీకి వెళ్లి కళ్లతో చూసి కొనండి. శరదృతువు ఎరుపుకి ఒసకజుకిని మించింది నేను చూడలేదు. చలికాలంలో ఆకులు రాలాక కూడా అందం కావాలంటే సాంగో-కాకు, దాని లేత కొమ్మలు పగడంలా ఎర్రగా మెరుస్తాయి. చీటీ మీద రాసే ఎత్తు సాధారణంగా చెట్టుకి పదేళ్ల వయసులో ఉండేది. చెట్టు పదకొండో ఏట ఆగిపోదు, కిటికీకి ఎదురుగా పెట్టేవాళ్లు అది గుర్తుంచుకోండి. ఇంకా ఓపికుంటే సియాటిల్‌లో ఆర్బొరేటమ్ అనే చెట్ల వనంలో 1960లో జూకి ఇయిడా రూపొందించిన జపనీస్ గార్డెన్ చూసి రండి. జపాన్‌లో ఈ ఆకులు చూడ్డానికే ఊళ్లు తిరుగుతారు, దానికి మోమిజిగారి అని పేరే ఉంది. అక్కడ ఈ చెట్టుని కయెదె అని కూడా అంటారు, కప్ప చెయ్యి అన్న మాటలోంచి వచ్చిందట. 1784లో థున్‌బర్గ్ అనే స్వీడన్ వైద్యుడు లాటిన్ పేరు పెట్టినప్పుడు కూడా పామేటమ్, అంటే అరచెయ్యి, అన్నాడు.

విజయవాడ తీసుకెళ్లొచ్చా అని ఇందాక ఒకరు అడిగారు. వద్దండీ. దానికి కొన్ని నెలలు చలిలో నిద్ర కావాలి. మన ఎండల్లో ఆకు మాడటం ఒకటి, నిద్ర లేక నీరసించడం ఇంకొకటి. ఆన్‌లైన్‌లో నీలం ఆకుల మేపుల్ విత్తనాలు కూడా కొనకండి. నీలం మేపుల్ అనేది లేదు.

వెనక బల్ల మీద చిన్న కుండీల్లో పన్నెండు మొలకలున్నాయి, మా చెట్టు కింద వాటంతట అవే మొలిచినవి. తల్లి రంగే వస్తుందని చెప్పలేను, పచ్చ రావచ్చు, ఎరుపు రావచ్చు. తలా ఒకటి తీసుకెళ్లండి. ఎక్కడ పెడుతున్నారో మాత్రం నాకు చెప్పి వెళ్లండి.