ఏప్రిల్ కత్తెర, మార్చి బేదాణా

తమ్ముడు: నమస్తే. మహారాష్ట్ర నాందేడ్ జిల్లాల దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ దిక్కు ఇంటి ముందర ద్రాక్ష పందిరి వేసినోళ్ల నోట ఒక్కటే మాట వినవడ్తది. తీగె మస్తు పారింది, కాయ మాత్రం లేదు అని. ఎందుకైతది అక్కా?

అక్క: కత్తెర ఒక్కసారే పెడ్తరు కాబట్టి. మన దిక్కు ద్రాక్షకు సాలుకు రెండు కోతలు. ఏప్రిల్‌ల ఖరడ్ ఛాటణి, అక్టోబర్‌ల గోడి ఛాటణి. గుత్తి కంటికి కనవడేది అక్టోబర్ కోత అయినంకనే గానీ, అది కన్ను, అంటే కొమ్మ మీది మొగ్గ, లోపల తయారయ్యేది ఏప్రిల్ కోత తర్వాత 40 నుంచి 60 రోజుల నడుమ. మే ఆఖరు, జూన్ అన్నట్టు. ఆ దినాలల్ల కన్ను మీద ఎండ పడకపోతే లోపల గుత్తి కావాల్సింది పందిరిని చుట్టుకునే ఉత్త నులితీగె అయి కూసుంటది. అక్టోబర్‌ల నువ్వెంత మందు కొట్టినా అది మళ్ల గుత్తి కాదు.

తమ్ముడు: ఏప్రిల్‌ల ఎంత కోయాలె మరి?

అక్క: చూసెటోళ్లకు పాణం ఉసూరుమంటది. ఒక్కొక్క కొమ్మకు ఒక్క కన్ను ఉంచి మిగిలింది మొత్తం తీసెయ్యాలె. పందిరి బోడిగైతది, ఇంట్ల ముసలోళ్లు నీడ పోయిందని తిడ్తరు. పదిహేను ఇరవై రోజులల్ల గుంపుగ చిగుర్లొస్తయి. సన్నయి గిల్లేసి, చెయ్యెడం దూరానికి ఒక గట్టి చిగురు ఉంచాలె. అది తొమ్మిది ఆకులు వేసినప్పుడు ఏడాకులు ఉంచి కొస తుంచాలె. కొస దగ్గరి కన్ను నుంచి ఇంకో చిగురొస్తది, దాన్ని ఐదాకుల మీద తుంచాలె. ఈ రెండు కలిసిన తావుల గట్టిగ ముడి పడ్తది, మరాఠీల గాఠ్ అంటరు. ఆ గాఠ్ చుట్టుపక్కల కండ్లే బాగ కాస్తయి.

తమ్ముడు: అప్పుడు యూరియా వెయ్యొచ్చా?

అక్క: మొదటి నెలల కొంచెం. 40వ రోజు నుంచి బంద్. నీళ్లు సుత తగ్గించాలె. చాలామంది ఎండలు మండుతున్నయని గప్పుడే రోజూ పైపు పెడ్తరు. తీగె మురిసి ఆకు మీద ఆకు వేస్తది, కింద కండ్లన్ని చీకట్ల ఉంటయి. రోగం అదే.

తమ్ముడు: మొక్క, మట్టి సంగతి తొందరగ చెప్పు.

అక్క: మనది నల్లరేగడి, నీళ్లు నిలుస్తయి. సొంత వేరు మీద థాంప్సన్, అంటే గింజ లేని ద్రాక్ష రకం, పెడ్తే తట్టుకోదు. డాగ్‌రిడ్జ్ అనే గట్టి ద్రాక్ష రకం వేరు మీద అంటు కట్టింది తేవాలె. పైరకం థాంప్సన్, తాస్-ఎ-గణేష్, సోనాకా, ఏదైనా సరే. రెండున్నర అడుగుల గుంత, సగం మట్టి తీసేసి మొరం, ఇసుక, 20 కిలోల మాగిన పెంట. ఒకటే కాండం వెదురుకు కట్టి, ఆరడుగుల పందిరి దాక కిందికెల్లి ఒక్క పక్కకొమ్మ ఉంచకుండ తీసుకపోవాలె.

తమ్ముడు: ఇగ అక్టోబర్?

అక్క: కోతకు పది పదిహేను రోజుల ముందు నీళ్లు ఆపితే ఆకు పండుతది. గాఠ్ దాటినంక ఒక కన్ను ఉంచి కోయాలె. అనుమానముంటే ఒక కొమ్మ కోసి, కన్నును బ్లేడుతోటి నిలువున చీల్చి భూతద్దంతోటి చూడాలె. నడుమ మొద్దుగ, గుబురుగ ఉంటే గుత్తి. సన్నగ సూదోలె ఉంటే నులితీగె. తోటలోళ్లు కండ్లు ఒక్కసారే పగలాలని హైడ్రోజన్ సయనమైడ్ పూస్తరు. అది విషం, ఇంటి పందిరికి ముట్టద్దు. కండ్లు ముందూ వెనక పగిలితే ఏం మునుగది.

తమ్ముడు: భూరి, కేవడా అనే తెగుళ్లు వస్తయి కదా?

అక్క: రెండిటికీ ఒకే మందు కొట్టెటోళ్లే ఎక్కువ. ఆకు మీద నూనె మరకోలె పసుపు మచ్చ, తిప్పి చూస్తె తెల్లటి నూగు ఉంటే కేవడా. దానికి బోర్డో మిశ్రమం. ఉత్త కొమ్మల మీదైతే 10 లీటర్లకు మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100. లేత ఆకు మీదైతే రెండూ 50, 50. ప్లాస్టిక్ బకెట్లల్ల వేరువేరుగ కరిగించి కలపాలె. ఇనుప బ్లేడు ముంచి తీస్తె ఎర్రగ రాగి పట్టిందనుకో, సున్నం చాలలేదు, ఇంకొంచెం కలపాలె. లేకుంటె ఆకు మాడుతది. బూడిద చల్లినట్టుంటె భూరి, నీళ్లల్ల కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు. ఎండ ముదరకముందే కొట్టాలె.

తమ్ముడు: కాయ చేతికొచ్చింది. వైన్ అడిగెటోళ్లు మస్తుమంది ఉన్నరు.

అక్క: ఉంటరు. కానీ 1949 మద్యనిషేధ చట్టం ప్రకారం మహారాష్ట్రల లైసెన్సు లేనిది ఇంట్ల సారా కాదు, వైన్ సుత చెయ్యద్దు. అది పక్కకు పెట్టినా, థాంప్సన్ వైన్ చప్పగుంటది. తీపుంది గానీ పులుపు తక్కువ, వాసన తక్కువ. నాసిక్‌ల వైన్‌కు షిరాజ్, కాబెర్నే, షెనిన్ బ్లాంక్ పెట్టేది అందుకే. మన పందిరి కాయకు కుదిరేది బేదాణా.

తమ్ముడు: కిస్మిస్.

అక్క: అదే. దానికి తీపు 22 బ్రిక్స్ దాటాలె, అంటే నూరు గ్రాముల రసంల సుమారు 22 గ్రాముల చక్కెర. లెక్క చూడు. 10 కిలోల కాయ 22 బ్రిక్స్‌ల తెంపితె సుమారు రెండున్నర కిలోలొస్తది. 18ల తెంపితె రెండు దాటుడే కష్టం, పైంగ తోలు ముడుచుకొని పులుపుగుంటది. ఫిబ్రవరి ఆఖరు దాక ఆగాలె. పిట్టలకు వల కట్టు గానీ తొందరపడకు.

తమ్ముడు: సాంగ్లి, తాస్‌గావ్ దిక్కు ఏదో నూనెల ముంచుతరు?

అక్క: కాయ మీద తెల్లటి మైనం పొర ఉంటది, లోపలి తడిని బయటికి రానియ్యది. అందుకే ఉత్తగ ఎండబెడ్తే నెల దాక పడ్తది, నల్లబడ్తది. 10 లీటర్ల నీళ్లల్ల 250 గ్రాముల పొటాషియం కార్బొనేట్ ముందు కరిగించి, 150 మిల్లీలీటర్ల ఎథిల్ ఓలియేట్ సన్నటి ధారగ పోస్తు కలపాలె. అంగడిల డిప్పింగ్ ఆయిల్ అంటరు, ఫుడ్ గ్రేడ్‌దే అడుగు. నీళ్లు పాలోలె తెల్లగైతయి. నూనె పైన తేలితే సరిగ కలవలేదు, అందుల ముంచితె సగం కాయలే ఎండుతయి. చేతికి గ్లౌజులు, గుత్తులు రెండు నుంచి నాలుగు నిమిషాలు ముంచి, నీళ్లు కారినంక నీడల వల మీద ఒకే వరుస పరవాలె.

తమ్ముడు: ఎండల పెడ్తే తొందరగ అయితది కదా?

అక్క: అయితది, గోధుమ రంగుకు తిరుగుతది. అంగడిల పచ్చ బంగారం రంగు గంధకం పొగ పెట్టింది. ఇంట్లకు అది అక్కర్లేదు, రంగు కొంచెం తగ్గితే తగ్గనియ్యి. కింది నుంచి పైదాక గాలాడే రేకుల షెడ్డుల 12 నుంచి 15 రోజులు. మార్చిల మన దిక్కు గాలి పొడిగుంటది, అదే మనకు లాభం. కానీ గదే నెలల అకాల వాన, వడగండ్లు సుత పడ్తయి, పక్కలకు తాడిపత్రి సిద్ధంగ ఉంచాలె. ఒక్క రాత్రి తడిస్తె బూజే.

తమ్ముడు: అయ్యిందని ఎట్ల తెలుస్తది?

అక్క: పిడికెడు తీసుకొని గట్టిగ పిసికి వదులు. ముద్దగ ఉంటే ఇంకా రెండు రోజులు. దేనికది విడిపోయి, నొక్కితే మెత్తగ ఉండి రసం రాకపోతే అయినట్టే. తడి 15 శాతం అటుఇటు. ఇంకా ఎండితే గులకరాళ్లే. గోనెసంచి మీద రుద్దితె తొడిమెలు రాలుతయి. చల్లటి నీళ్లతోటి ఒక్కసారి కడిగి మళ్ల నీడలనే ఆరబెట్టి, వారం రోజులు డీప్ ఫ్రీజర్ల పెట్టి తీస్తె పురుగు గుడ్లు చస్తయి. తర్వాత గాజు సీసా, గట్టి మూత.

తమ్ముడు: అప్పటికి ఏప్రిల్ వస్తది.

అక్క: ఆ, కత్తెర నూరిపిచ్చుకో. తెంపినంక రెండు మూడు వారాలు తీగెకు నీళ్లు, పెంట ఇచ్చి తేరుకోనియ్యి, అప్పుడు పెట్టు.