భోగి మర్నాటి నుంచి

అమ్మలందరికీ, అయ్యలందరికీ జై శ్రీమన్నారాయణ.

ఈ రోజుతో ధనుర్మాసం పూర్తవుతోంది. నెల రోజులు ఈ చలిలో చీకటితోనే తలస్నానం చేసి, జుట్టు ఆరకముందే గుడికొచ్చి గోదమ్మ (ఆండాళ్) పాడిన తిరుప్పావై పాశురాలు, అంటే ఆ తల్లి పాటలు, చెప్పుకున్నారు. కూడారై నాడు, అంటే 27వ పాశురం చెప్పుకునే రోజు, చక్కెర పొంగలి ప్రసాదం తీసుకున్నాం. సాయంత్రం గోదాకల్యాణం, రంగనాథుడితో గోదమ్మ పెళ్లి. మరి రేపటి నుంచి ఏం చేస్తాం?

మనవాళ్లు దీక్షలకు వెనకాడరు. కార్తీకమంతా దీపాలు పెడతారు, 41 రోజులు అయ్యప్ప మాల వేసుకుని నేలమీద పడుకుంటారు. మాల తీసిన మర్నాడే అంతా మామూలైపోతుంది. ఏటా మళ్లీ మొదటి మెట్టు దగ్గరే నిలబడుతున్నాం. అది చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అంత శ్రద్ధ ఉన్నవాళ్లకు నిలకడ అందని పండు కాదు.

గోదమ్మ ఏం చేసిందో చూడండి. రెండో పాశురంలో వ్రత నియమాలు చెప్పింది. నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టుకోం, పూలు ముడుచుకోం. ఆ వెంటనే, చాడీలు చెప్పం, చేతనైనంత దానం చేస్తాం అంది. 27వ పాశురానికి వచ్చేసరికి నగలు పెట్టుకుంటాం, కొత్త బట్టలు కట్టుకుంటాం, మోచేతి దాకా నెయ్యి కారేలా పాయసాన్నం తింటాం అని ఆ తల్లే అడిగింది. అంటే తిండి, అలంకారాల నియమాలకు గడువుంది. చాడీలు మళ్లీ మొదలుపెడతామని మాత్రం 30 పాశురాల్లో ఎక్కడా అనలేదు!

సాధనలో ముందుకెళ్తున్నామా లేదా అన్నది నేను ఇక్కడే చూసుకోమంటాను. కళ్లు మూసుకుంటే వెలుగులు కనిపించాయా అని కాదు. తోడికోడలి మాట వచ్చినప్పుడు, వాట్సాప్ గ్రూపులో ఎవరి గురించో నడుస్తున్నప్పుడు మన నోరు ఏం చేసింది?

రోజూ చేసేది చిన్నదే పెట్టుకోండి. పాశురాలు 30, నెలకు రోజులు 30. రోజుకొకటి, అర్థంతో సహా. పొద్దున పిల్లల బాక్సుల హడావిడిలో కుదరకపోతే, వాళ్లు బస్సెక్కాక దేవుడి ముందు ఐదు నిమిషాలు కూర్చోండి. నైట్ డ్యూటీ చేసే అమ్మాయిలు ఇంటికొచ్చి స్నానం చేశాక చెప్పుకోవచ్చు. వేళ ఏదైనా సరే, రోజూ అదే వేళ కావాలి. ఆకో పువ్వో పండో, ఏదీ లేకపోతే నీళ్లో, భక్తితో ఇస్తే తీసుకుంటానని గీతలో స్వామే అన్నాడు కాబట్టి నైవేద్యం గురించి టెన్షన్ పడకండి.

మనసు నిలవడం లేదని చాలామంది మానేస్తారు. అది ఎటు పోతే అటు నుంచి వెనక్కి తెచ్చుకోమని గీత ఆరో అధ్యాయంలో ఉంది. పోతుందని స్వామికి తెలిసే చెప్పాడు. వందసార్లు పోయినా వందసార్లు తెచ్చుకోవడమే ఆ రోజు సాధన. ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చేయొద్దు, మామూలుగా కూర్చోండి. ఈ దారిలో మొదలుపెట్టింది ఏదీ వృథా పోదని రెండో అధ్యాయంలో మాటిచ్చాడు.

వ్రతం ముగింపుకొచ్చినప్పుడు, 29వ పాశురంలో గోదమ్మ ఏమందో గుర్తుందా? గోవిందా, ఈ రోజు ఈ పఱ (వ్రతానికి అడిగిన వాద్యం) పుచ్చుకుని పోదామని రాలేదు, ఏడేడు జన్మలకూ నీవాళ్లమై నీకే సేవ చేస్తాం అంది. కల్యాణానికి ఇంకా వేళ ఉంది. ఆ పాశురం అందరం కలిసి ఒకసారి చెప్పుకుందాం. శిత్తమ్ శిఱుకాలే...