నిద్రమాత్ర వేసుకునే ముందు గంటలు లెక్కపెట్టండి

హోస్ట్: నమస్కారం, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం. ఈ రోజు మనతో ఉన్న అక్క ఈ ఊళ్ళోనే మెడికల్ షాపు నడిపే ఫార్మసిస్టు. షాపుకొచ్చే వాళ్ళ సంగతులు ప్రస్తావనకు వస్తాయి కాబట్టి పేరు వద్దన్నారు. అక్కా, నేరుగా ప్రశ్నకే వస్తాను. కొర్లగుంట నుంచి ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టారు. నిద్ర పట్టడం లేదని వెళ్తే డాక్టరు జోల్పిడెమ్ రాశారట. రాత్రి పదకొండింటికి వేసుకుని, తెల్లవారుజామున మూడున్నరకు లేచి ఇంట్లో వాళ్ళను కారులో కొండకు తీసుకెళ్ళొచ్చా అని అడుగుతున్నారు.

ఫార్మసిస్టు: వద్దు తమ్ముడూ. మూడున్నరకు లేవాలంటే ఆ రాత్రి ఆ మాత్ర ముట్టుకోకూడదు. వేసుకున్నాక ఏడెనిమిది గంటలు పూర్తిగా పడుకునే వీలుంటేనే వేసుకోవాలి. అలాగని మాత్ర మానేసి, నిద్ర చాలని కళ్ళతో ఘాట్ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకోమని కూడా చెప్పను. కారు కింద పెట్టేసి అలిపిరిలో బస్సెక్కమనండి.

హోస్ట్: నాలుగు గంటలు పడుకుని లేస్తే మెలకువ బాగానే వచ్చినట్టు ఉంటుంది కదా?

ఫార్మసిస్టు: ప్రమాదం అక్కడే ఉంది. మనకు తెలివిగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ఒంట్లో మందు మిగిలే ఉంటుంది, బ్రేకు మీదకు కాలు వెళ్ళడం ఆలస్యమవుతుంది. జోల్పిడెమ్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. పెద్దవాళ్ళలో, లివర్ సరిగా లేనివాళ్ళలో ఇంకా ఎక్కువ సేపు. ఆడవాళ్ళ ఒంట్లోంచి ఈ మందు మగవాళ్ళలో కంటే నెమ్మదిగా పోతుంది. అందుకే 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఆడవాళ్ళకు మొదలుపెట్టే మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించింది. ఆయనకు 10 రాశారు కదా అని ఇంట్లో ఆవిడా అదే వేసుకుంటే మర్నాడు పొద్దున స్కూటీ మీద పిల్లల్ని స్కూలుకు దింపేది ఆవిడే.

హోస్ట్: ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోవడం అంత మామూలా?

ఫార్మసిస్టు: చాలా మామూలు. అత్తగారికి రాసింది కోడలు వేసుకుంటుంది, అన్నకు రాసింది తమ్ముడు వేసుకుంటాడు. ఖాళీ షీటు తెచ్చి 'ఇదే ఇవ్వమ్మా, మేము రోజూ వచ్చేవాళ్ళమే కదా' అంటారు. నేను ఇవ్వను. కొందరు కోపంగా వెళ్ళిపోతారు. ఇది షెడ్యూల్ హెచ్‌1 మందు. చీటీ ఉండాలి. డాక్టరు పేరు, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. ఆందోళనకు, నిద్రకు రాసే ఆల్ప్రాజోలామ్, డయాజెపామ్, నైట్రాజెపామ్ కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. చీటీ అడిగితే అనుమానిస్తున్నామని అనుకోకండి. ఆ చీటీ వెనక మీ వయసు, మీ లివర్, మీరు వాడే మిగతా మందులు చూసిన మనిషి ఒకరున్నారు. అది చాలా పెద్ద విషయం.

హోస్ట్: చీటీ ప్రకారమే తీసుకున్నారు అనుకుందాం. ఇంటికెళ్ళాక ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

ఫార్మసిస్టు: భోజనం దగ్గర. దీని గురించి కాస్త వివరంగా చెప్పనివ్వు, ఎందుకంటే నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. మనవాళ్ళకు మాత్ర అంటే అన్నం తిన్నాక వేసుకోవడం అలవాటు. తొమ్మిదిన్నరకు కడుపునిండా తిని వెంటనే జోల్పిడెమ్ వేసుకుంటారు. కడుపు నిండుగా ఉంటే ఈ మందు ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. అరగంట చూస్తారు, నిద్ర రాదు. మాత్ర పనిచేయలేదని ఇంకోటి వేసుకుంటారు. ఆ తర్వాత రెండూ కలిసి పట్టుకుంటాయి. రాత్రి బాత్రూమ్‌కు లేస్తే తూలతారు, పొద్దున తల ఎత్తలేరు. మర్నాడు షాపుకొచ్చి 'చాలా స్ట్రాంగ్ మందు ఇచ్చారమ్మా' అంటారు. భోజనం ముందుగా ముగించండి. పనులన్నీ అయ్యాక, తలుపు గడియ పెట్టాక, మంచం మీద కూర్చుని వేసుకోండి. నిద్ర రాకపోయినా ఆ రాత్రికి రెండోది వద్దు.

హోస్ట్: వేసుకుని కాసేపు టీవీ చూస్తూ ఉంటే నిద్ర వస్తుందిలే అనుకుంటారు కొందరు.

ఫార్మసిస్టు: అలా అస్సలు వద్దు. మందు ఎక్కాక మెలకువగా ఉంటే ఆ సమయంలో చేసినవి గుర్తుండకపోవచ్చు. ఫోన్ మాట్లాడతారు, డబ్బులు పంపుతారు, పొద్దునకు ఏదీ గుర్తుండదు. దాని కంటే భయపెట్టేది ఇంకోటి ఉంది. అరుదుగా కొందరు పూర్తిగా మెలకువ రాకుండానే లేచి నడుస్తారు, స్టవ్ వెలిగిస్తారు, బండి తీస్తారు. 2019లో ఎఫ్‌డీఏ ఈ రకం మందులకు తన దగ్గరున్న అన్నిటికంటే గట్టి హెచ్చరిక పెట్టింది. అప్పటికి చూసిన 66 ఘటనల్లో 20 మంది చనిపోయారు. కొందరికి తక్కువ మోతాదుతోనే, మొదటి మాత్రకే అలా జరిగింది. అందుకని మొదలుపెట్టే రాత్రి ఇంట్లో ఒకరికి చెప్పి పెట్టండి. ఒక్కసారి అలా జరిగినా మందు ఆపి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. 'ఈసారి చూద్దాంలే' అనుకోకూడదు.

హోస్ట్: మద్యం గురించి అడగాలా, అక్కా?

ఫార్మసిస్టు: అడగాలి, ఎందుకంటే 'ఒక్క పెగ్గేగా' అనేవాళ్ళు ఉన్నారు. ఒక్కటీ వద్దు. రెండూ మెదడును మందగింపజేసేవే. ఊపిరి కూడా నెమ్మదించవచ్చు. మద్యం ఒక్కటే కాదు, జలుబు మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్పులు, నొప్పికి వాడే ట్రమడాల్, నరాల నొప్పికి రాసే ప్రీగాబాలిన్ కూడా మగత పెంచుతాయి. ఒక్కో మందు ఒక్కో డాక్టరు రాసి ఉంటారు, ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. చీటీలన్నీ ఒక కవర్లో పెట్టి తీసుకెళ్ళండి. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్ళు ఆ విషయం తప్పకుండా చెప్పాలి. గర్భంతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు కూడా.

హోస్ట్: మా ఇంట్లో నాయనమ్మ ఉంది. ఆమె వయసు వాళ్ళకు ఇవ్వొచ్చా?

ఫార్మసిస్టు: వీలైనంత వరకు వద్దనే వైద్యులు చెప్తారు. పడిపోతారనే భయం. మన పాత ఇళ్ళల్లో బాత్రూమ్ పెరట్లో ఉంటుంది, దారిలో గడప, రెండు మెట్లు, తడి నేల. తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత మంచం దిగడమే కష్టమైపోతుంది. డాక్టరు తప్పదని ఇస్తే తక్కువ మోతాదుతో ఇస్తారు. దారిలో లైటు వేసి ఉంచండి, రాత్రి లేస్తే పిలవమని చెప్పండి.

హోస్ట్: ఎన్నాళ్ళు వాడాలి?

ఫార్మసిస్టు: నేను అందరికీ చెప్పే ముఖ్యమైన మాట ఇదే. మాత్ర రాయించుకున్న రోజే, ఎప్పుడు ఆపాలో కూడా డాక్టరును అడగండి. ఇది కొద్ది రోజుల మందు. వారం, పది రోజులు వాడినా నిద్ర దారికి రాకపోతే వెనక ఇంకేదో కారణం ఉందని చూసుకోవాలి. దిగులు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, ఒళ్ళు నొప్పులు కావచ్చు, ఇంట్లో అప్పుల టెన్షన్ కావచ్చు. కారణాన్ని అలాగే వదిలేసి మాత్రలు పెంచుకుంటూ పోయేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్ళకు కావలసిన వైద్యం ఇంకా మొదలే కాలేదు.

హోస్ట్: ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు ఇది విని ఈ రాత్రే మానేస్తే?

ఫార్మసిస్టు: మానేయొద్దు! చాలాకాలంగా ఆల్ప్రాజోలామ్, క్లోనాజెపామ్ లాంటివి వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. జోల్పిడెమ్ ఆపినా ఒకటి రెండు రాత్రులు ముందుకంటే ఘోరంగా ఉంటుంది. 'చూశావా, ఇది లేకుండా నేను పడుకోలేను' అని మళ్ళీ మొదలుపెడతారు. అది మందు ఆపడం వల్ల వచ్చిన ఇబ్బంది, కొన్నాళ్ళలో తగ్గుతుంది. డాక్టరు కొంచెం కొంచెంగా వారాల మీద తగ్గిస్తారు.

హోస్ట్: మాత్ర లేకుండా దారి ఉందా?

ఫార్మసిస్టు: ఉంది. సీబీటీ-ఐ అంటారు. నిద్ర అలవాట్లను, నిద్ర గురించిన భయాన్ని సరిచేసే చికిత్స. పాత నిద్రలేమికి ముందు దీన్నే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. రోజూ ఒకే వేళకు లేవడం, నిద్ర వస్తేనే మంచం ఎక్కడం, ఇరవై నిమిషాలు దాటినా పట్టకపోతే లేచి వేరే చోట కూర్చోవడం, ఇవన్నీ అందులో భాగమే. మొదటి వారాలు కష్టంగానే ఉంటాయి. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, వెళ్ళి అడగండి. అక్కడికి వెళ్తే ఎవరేమనుకుంటారో అని జంకొద్దు.

హోస్ట్: మిగిలిన మాత్రలు ఎక్కడ పెట్టాలి?

ఫార్మసిస్టు: పిల్లలకు అందని చోట, తాళం వేసి. ఇంకో మాట, తమ్ముడూ. నిద్ర లేకపోవడంతో పాటు బతకాలని లేదనే మాట ఎవరి నోటైనా వస్తే షీటు వాళ్ళ చేతికి ఇవ్వకండి. ఏ రాత్రి మాత్ర ఆ రాత్రికి ఇంకొకరు తీసి ఇవ్వాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, దాని నంబరు 14416, ఏ వేళకైనా చేయొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

హోస్ట్: 14416. ఎపిసోడ్ కింద కూడా రాసి పెడతాం, అక్కా.