మెకానికల్ ఇంజినీర్ టేబుల్ మీద ఏ పుస్తకాలుండాలి?

నమస్కారం. రిఫరెన్స్ పుస్తకాలు ఏవి కొనాలని అడిగితే పాతిక పేర్లు చెప్పేవాళ్లున్నారు. నా దృష్టిలో నాలుగైదు చాలు. కాకపోతే వాటిని వాడటం తెలియాలి.

ఇదిగో, ఈ లావుపాటిది మెషినరీస్ హ్యాండ్‌బుక్, వర్క్‌షాప్ పనికి కావాల్సిన కొలతల టేబుళ్లు ఉండేది. 1914లో మొదలైంది, ఇప్పటికీ కొత్త ఎడిషన్లు వస్తున్నాయి. టూల్‌బాక్స్‌లో పట్టే చిన్న సైజు, పెద్ద అక్షరాల సైజు రెండూ దొరుకుతాయి. కళ్లజోడు ఉన్నవాళ్లు పెద్దదే తీసుకోండి, చిన్నదాంట్లో అంకెలు చీమల బారులా ఉంటాయి. ఎం10 బోల్టుకి, అంటే 10 మిల్లీమీటర్ల బోల్టుకి, ట్యాప్ కొట్టాలంటే (రంధ్రంలో మరలు కోయాలంటే) పదిలోంచి పిచ్, అంటే మరకీ మరకీ మధ్య దూరం, 1.5 తీసేసి 8.5 డ్రిల్ వేస్తాం, అది నోటిలెక్క. కానీ డ్రాయింగ్‌లో 25 మిల్లీమీటర్ల రంధ్రం పక్కన హెచ్7 అని, అంటే సైజులో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గుర్తు, ఉంటే? టేబుల్ తీయాల్సిందే. సున్నా నుంచి ప్లస్ 21 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇలాంటివి గుర్తుంచుకోవడానికి ప్రయత్నించకండి.

తర్వాత రోర్క్స్ ఫార్ములాస్, లోడు పడితే ఏ భాగం ఎంత వంగుతుందో లెక్కేసే ఫార్ములాల పుస్తకం, 1938 నాటిది. నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. ఒక గుండ్రటి స్టీల్ ప్లేటు మీద అంతటా ఒకే ప్రెషర్ ఉందనుకోండి. అంచు గట్టిగా బిగించి ఉంటే మధ్యలో ఎంత వంగుతుందో, అంచు ఊరికే ఆనించి ఉంటే దానికి సుమారు నాలుగు రెట్లు వంగుతుంది. ప్లేటు అదే, లోడూ అదే! బోల్టులేసిన మూత ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది కాబట్టి రెండు లెక్కలూ వేసి చూడండి. ఇంకోటి, వంపు ప్లేటు మందంలో సగం దాటితే ఈ మామూలు ఫార్ములాలు పనికిరావు. ఆ షరతులు టేబుల్ పైన రాసే ఉంటాయి, ఎవరూ చదవరు. ఇలాంటి లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రంగురంగుల బొమ్మను నమ్మే ముందు ఈ చేతిలెక్క వేస్తే చాలా టెన్షన్ తప్పుతుంది.

బోల్టులు, గేర్లు, ఫెటీగ్ (పదే పదే లోడు పడి లోహం దెబ్బతినడం) లాంటి వాటికి షిగ్లీ, అంటే ఆయన పేరుతో ఉన్న మెషిన్ డిజైన్ పాఠ్యపుస్తకం. కాలేజీలో వాడిన కాపీ ఉంటే అమ్మేయకండి. రంధ్రాలు, మెట్లు, గాడుల దగ్గర స్ట్రెస్ (లోహం లోపలి ఒత్తిడి) ఎంత పెరుగుతుందో పీటర్సన్స్ అనే పుస్తకం చెప్తుంది. మనకు అలవాటు లేని విషయం ఎదురైతే మార్క్స్ హ్యాండ్‌బుక్, మెకానికల్ ఇంజినీరింగ్ విషయాలన్నీ కాస్త కాస్త ఉండేది.

పాత ఎడిషన్ కొనొచ్చా? నిక్షేపంగా. బీమ్ ఫార్ములా మారదు కదా. స్టాండర్డ్స్ సంగతి వేరు. ఏఎస్‌ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) ప్రెషర్ వెసెల్ కోడ్, అంటే ప్రెషర్ తట్టుకోవాల్సిన ట్యాంకుల నియమావళి, రెండేళ్లకోసారి కొత్తగా వస్తుంది. ఆ పనికి పాత హ్యాండ్‌బుక్‌లోని అంకె ఎత్తి రాయకండి, కాంట్రాక్టులో ఏ ఎడిషన్ రాసి ఉందో చూసి అదే తెరవండి.